పదికి పది వచ్చిన కెమెరా

ఆ ఇంటాయనకు ఒక జబ్బు ఉంది. దానికి మందు లేదు, పథ్యం లేదు. పైగా నెలనెలా జీతం ఇస్తారు. ఆయన టైల్స్ ఫ్యాక్టరీలో తనిఖీ ఆఫీసరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెల్టు మీద టైల్స్ వరసగా కదిలిపోతుంటే, మచ్చ కనపడిన దాని మీద గోధుమరంగు పెన్నుతో సున్న చుట్టి పక్కకు తోయించడం ఆయన ఉద్యోగం. ఆ చెయ్యి ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతే భార్యకు ఏ గొడవా ఉండేది కాదు. అది ఆయనతో పాటు ఇంటికి వచ్చేస్తుంది. కూరకు మార్కులు, కాఫీకి మార్కులు, ఉతికిన చొక్కా కాలరుకు మార్కులు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మోజుపడి వరండాలో పూలకుండీలు సర్దితే, చేతులు కట్టుకుని అటు నుంచి ఇటు నడిచి, "ఆరున్నర" అన్నాడు. ఆ అర ఏ కుండీ పుణ్యమో ఆవిడకు ఇప్పటికీ తేలలేదు.

పదికి పది మాత్రం ఆయన ఎవరికీ వెయ్యడు. ఆవిడ వంటకు వచ్చిన అత్యధికం ఏడు. అది కూడా ఆయనకు జ్వరం వచ్చి నోరు చేదెక్కిన రోజున. వీధిలో వాళ్ళు ఆయన్ని చాటుగా 'మార్కులాయన' అంటారు. ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చిందో వీధికి తెలియదు. భార్యకు తెలుసు గానీ ఆవిడ చెప్పదు.

ఇంటి నిండా పరిచిన టైల్స్ కూడా ఫ్యాక్టరీ పక్కకు తోసేసినవే. ఒక్కోదానికి ఒక్కో లోపం. ఎవరైనా చుట్టాలొచ్చి కిందికి చూస్తే చాలు, ఆయన మొదలుపెడతాడు. "ఎక్కడైనా మచ్చ కనపడుతోందా? కనపడదు. నిలబడి చూసినప్పుడు కనపడని మచ్చ అసలు మచ్చే కాదు. కొనేవాడు నిలబడే చూస్తాడు. అదీ మా లెక్క." రోజూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ నేల తుడిచేవాళ్ళకు అన్నీ కనపడతాయన్న సంగతి ఆ లెక్క కట్టినవాళ్ళకు తట్టినట్టు లేదు.

ఆ ఇంట్లో మార్కుల నుంచి మినహాయింపు ఒక్కరికే, ఆయన తల్లికి. ఆవిడకూ కోడలికీ మధ్య మాటలు పనికి సరిపడా మాత్రమే నడుస్తాయి. మిగిలినవి మూతి తిప్పుళ్ళలో వెళ్ళిపోతాయి. అత్తగారికి తన మెడ అంటే మహా గొప్ప. వయసులో ఉన్నప్పుడు ఆ మెడను ఎవరెవరు మెచ్చుకున్నారో, ఏ సందర్భంలో మెచ్చుకున్నారో, కోడలికి కంఠతా వచ్చు. నెలకోసారి జుట్టుకు రంగు వేయించుకునేటప్పుడు ఆ పారాయణం వినక తప్పదు కదా.

అలాంటి ఒక ఆదివారం పొద్దున అత్తగారు స్నానాలగది గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, భుజాల మీద పాత తువ్వాలు కప్పుకుంది. కోడలు పాయ పాయకూ బ్రష్షుతో రంగు పట్టించి, చెవుల పక్కన అంటుకున్నదాన్ని తడిబట్టతో తుడుస్తోంది. ఎడమ చెవి కింద, మెడ వెనక్కి తిరిగే చోట ఒక నల్లచుక్క కనిపించింది. రంగే కాబోలు అనుకుని తుడిచింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దింది.

"అమ్మాయ్, అది చర్మం. మాడిన గిన్నె కాదు."

"రంగు అంటుకుందేమోనని అత్తయ్యా."

అది రంగు కాదు. పుట్టుమచ్చ. పోయిన నెల చూసినప్పుడు ఆవగింజంత ఉండేది, గుండ్రంగా. ఇప్పుడు మినపగింజంత అయింది. ఒక పక్క అంచు తడి కాగితం మీద సిరా పాకినట్టు బయటికి పాకింది. సగం గోధుమ, సగం నలుపు.

కోడలు డిగ్రీలో వృక్షశాస్త్రం చదివింది. ఆకు ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి బొమ్మలు గీసిన మనిషి. నీటుగా తీర్చిదిద్దుకుని తీసుకెళ్ళిన బొమ్మను వాళ్ళ లెక్చరరమ్మ అడ్డంగా కొట్టేసి, "అందం ఎవరడిగారు? ఉన్నది గియ్యి" అని తిప్పి పంపేది. ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు చూడటం కోడలికి అలవాటైపోయింది. ఈ ఇంట్లో ఆ అలవాటు వల్ల ఆవిడకు కలిగిన సుఖం మాత్రం ఏమీ లేదు.

"అత్తయ్యా, ఈ మచ్చ పెరిగింది. అంచు కూడా ఒకలా లేదు. డాక్టరుకు చూపిద్దాం."

అత్తగారి చెయ్యి వెనక్కి వెళ్ళి తడుముకుంది. వేళ్ళకు రంగు అంటింది. "ఇది నా పుట్టుమచ్చ. నీకంటే ముందు నుంచీ ఉంది. నువ్వొచ్చి కొత్తగా కనిపెట్టావా?"

"ఉన్నది ఉన్నట్టే ఉంటే నేనెందుకు అంటాను? పెరిగింది."

"ఓహో. నాకేదో ఒక రోగం అంటగడితే గానీ నీకు తిన్నది అరగదు. ముందు రోగం, ఆ తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత నా గది ఖాళీ. నీ కుట్టుమిషను వేసుకోడానికి గాలీ వెలుతురూ బ్రహ్మాండంగా ఉంటాయి."

కుట్టుమిషనుకు ఆ గది బాగుంటుందని కోడలు అనుకున్న మాట అబద్ధం కాదు. పైకి ఎప్పుడూ అనలేదు, అంతే. మనసులో మాట ఎదుటివాళ్ళు చదివేస్తే కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. ఆవిడ తడిబట్టను బకెట్లో గట్టిగా విసిరి, "గది సంగతి తర్వాత. మెడ సంగతి చూసుకోండి" అంది.

"నా మెడకేం? నీ దిష్టి తప్ప."

మధ్యాహ్నం భోజనాల దగ్గర కోడలు భర్తకు చెప్పింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, తల్లి మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి చూశాడు.

"నాకేం కనపడలేదే."

"వంగి చూడండి."

"నిలబడి చూస్తే..."

"ఆవిడ టైలు కాదు, మీ అమ్మ!"

భార్య పొద్దున తన ఫోనుతో తీసిన ఫోటో చూపించింది. ఆ ఫోను అద్దం ఒక మూల పగిలి ఉంటుంది. దాని కెమెరాకు వెలుతురు చాలకపోతే బొమ్మంతా ఇసక చల్లినట్టు వస్తుంది. ఆ ఇసకలోనే మచ్చ, దాని పాకిన అంచుతో సహా, కనపడుతూనే ఉంది. ఆయన పకపకా నవ్వాడు. "ఈ డబ్బాలో తీస్తే నా మొహం మీద కూడా గుంటలు పడతాయి. దీన్ని ఆధారం అంటారా? ఎలాగూ నేనొక మంచి కెమెరా ఫోను కొందామనుకుంటున్నా. దాంతో తీస్తే మచ్చో, నీ భ్రమో తేలిపోతుంది."

"ఆ ఫోనుకు డాక్టరు పట్టా ఉందా?"

"నీకుందా? నీ చదువు మొక్కలకి. మనుషులకి కాదు."

తల్లి మంచం మీద నుంచి, "బాగా అడిగావురా నాన్నా" అంది.

మర్నాడే ఫోను వచ్చింది. నల్లని పెట్టె, వెనకాల పెద్ద పెద్ద కళ్ళలాంటి కెమెరాలు. నచ్చకపోతే వారం లోపల తిరిగి ఇచ్చెయ్యొచ్చని కొట్టువాడు చెప్పాడట. మార్కులాయనకు ఇంతకంటే పండగేముంది? ఆ వారమంతా పరీక్షలు. పరీక్షలో ఉన్న వస్తువును బయటివాళ్ళు ముట్టుకోకూడదనేది ఫ్యాక్టరీ నియమం. ఇంట్లో 'బయటివాళ్ళు' అంటే భార్య ఒక్కతే.

మొదటి రోజు సాయంత్రం ఆయన బాల్కనీలో ఒక్కడే నిలబడి ఫోనును మొహానికి ఎదురుగా పట్టుకుని ఉండటం ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసింది. గడ్డం కొంచెం పైకెత్తాడు. వేలితో తెర మీద ఏదో అడ్డంగా లాగాడు. మళ్ళీ లాగాడు. ఆ తర్వాత తనను చూసుకుని చిన్నగా నవ్వుకున్నాడు. కాపురానికి వచ్చాక ఆయన తన మొహం చూసుకుని నవ్వుకోవడం ఆవిడ చూడలేదు. అద్దానికి కూడా ఆయన ఆరుకు మించి వేసేవాడు కాదు.

దూరానికి ఎదురింటి గేటు తాళం ఫోటో తీశాడు. చీకటికి సామాన్లగదిలో దూరి చీపురుకట్ట ఫోటో తీశాడు. గాలికి కదిలేవాటిని పరీక్షించాలని పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే పక్కింటావిడ మేడ మీద నుంచి కేకేసింది. "ఏమిటండీ ఆ పని? మా దుప్పట్లు మీకెందుకు?" ఆ రోజు కెమెరాకు ఎనిమిదిన్నర, పక్కింటావిడకు రెండు పడ్డాయి.

చివరికి తల్లి వంతు వచ్చింది. కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "అమ్మా, మొహం కొంచెం అటు తిప్పు. గడ్డం పైకి. అంతే, కదలకు." ఫోను క్లిక్కుమంది. వేళ్ళతో బొమ్మను పెద్దది చేశాడు. కోడలు ఆయన భుజం పక్క నుంచి తొంగి చూసింది.

బట్టీలోంచి అప్పుడే వచ్చిన తెల్ల టైలులా ఉంది మెడ. ముడతలు లేవు. మచ్చ ఉండాల్సిన చోట ఏదో లేత నీడ, అది కూడా వెతికితే.

ఆయన ఫోనును కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత ఏదో మొక్కు తీర్చుకున్నవాడిలా అన్నాడు. "పదికి పది."

కోడలు ఆ బొమ్మనే మళ్ళీ వంగి చూసింది. ఇన్నేళ్ళు ఒళ్ళు వంచి చేసినా ఏడు దాటనివ్వని మనిషి, మూడు రోజుల ముచ్చటకు పదికి పది వేశాడు.

"అది ఏదో నునుపు చేస్తోందండీ. అసలు మచ్చ అలా లేదు."

"నునుపే కదా క్వాలిటీ అంటే! ఎక్కడైనా గరుకుగా ఉన్నది బాగుందంటారా?"

"పోనీ నన్ను తియ్యండి." ఆవిడ కుర్చీలో కూర్చుంది. చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడి గడ్డం కింద పడిన గాటు ఆవిడకు ఇప్పటికీ స్పష్టంగా కనపడుతుంది. ఫోటోలో గడ్డం ఉంది. గాటు లేదు. "చూశారా? నా గాటేది?"

"పోయిందని ఏడుస్తున్నావా? ఊరికే పోతే సంతోషించక."

"ఫోటోలో పోయింది. నా గడ్డం మీద ఉంది! మీ అమ్మగారి మచ్చ కూడా అంతే!"

"ఇదిగో, నువ్వు ఇంకొక్క మాట అన్నావంటే బాగుండదు. బోడి మచ్చ పట్టుకుని నాలుగు రోజుల నుంచి అమ్మ ప్రాణం తోడేస్తున్నావు."

అత్తగారు ఫోను లాక్కుని ఫోటో చూసుకుంది. మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం కూతురికి ఫోను చేసి, వంటింట్లోకి వినపడేంత గట్టిగా చెప్పింది. "మీ వదినకు నా మెడ మీద కన్ను పడిందే. లేని మచ్చ పుట్టించి నన్ను ఆసుపత్రికి పంపాలని చూసింది. మీ అన్నయ్య ఫోటో తీసి మొహం పగలగొట్టాడు. పంపిస్తాను చూడు, మచ్చే లేదు."

వంటింట్లో గిన్నెలు ఆ రోజు మామూలు కంటే ఎక్కువ చప్పుడు చేశాయి.

రెండు రోజుల తర్వాత దుప్పట్లు మారుస్తుంటే అత్తగారి దిండు మీద ఎండిన రక్తపు చుక్క కనిపించింది. కోడలు దిండు పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ఇదేమిటి అత్తయ్యా?"

"దోమ."

"దోమ ఇంత రక్తం తాగుతుందా?"

"తాగింది. దాన్ని కూడా ఆసుపత్రికి తీసుకెళ్తావా?"

"మీరు రాకపోతే నేనే డాక్టరును ఇంటికి పిలుస్తా."

"పిలువు. తలుపు తియ్యను. నా కొడుకు కళ్ళారా చూసి ఏమీ లేదన్నాడు. వాడి కంటికంటే నీ నోరు గొప్పదా?"

కోడలు దిండు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్తగారంటే ఆవిడకు పెద్ద ప్రేమేమీ లేదు. ఆ సంగతి దాచుకోవాల్సిన అవసరం కూడా ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కానీ మనిషి మెడ మీద ఏదో పాకుతూ ఉంటే, ఇష్టం లేదని చూస్తూ ఊరుకోవడం ఎలా? అరిచి చెప్పింది, బతిమాలి చెప్పింది, దిండు చూపించి చెప్పింది. ఈ ఇంట్లో మాటకు మార్కులు లేవు. ఫోటోకే ఉన్నాయి. అయితే సరే, ఫోటోతోనే చెప్పాలి.

మళ్ళీ ఆదివారం వచ్చింది. మార్కులాయన మధ్యాహ్నం భోంచేసి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. దాని జేబులోనే గోధుమరంగు పెన్ను ఉంది. ఆవిడ పెన్ను మూత తీసి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నేల తుడిచే అలవాటు ఇప్పుడు పనికొచ్చింది. ఎడమ చెంప మీద ఒక చుక్క. ముక్కు పక్కన ఒకటి. కణత దగ్గర ఇంకొకటి. చిన్నవే, ఆవగింజంతవి. ఆయన ఒకసారి గుర్రుమని చెంప రుద్దుకున్నాడు గానీ ఆ పెన్ను సిరా టైలు మీద నుంచే పోదు, చెంప మీద నుంచి ఎక్కడ పోతుంది? గడ్డం మీద నాలుగోది పెడదామా అని ఆవిడకు చెయ్యి దురద పెట్టింది. పెన్ను మూత పెట్టేసి, జేబులో ఉన్నచోటే ఉంచింది.

సాయంత్రం ఆయన లేచాడు. మొహం మీద నాలుగు నీళ్ళు చల్లుకున్నాడు. ఫోను వచ్చినప్పటి నుంచి ఆయన అద్దం మొహం చూడటం మానేశాడు. ఫోనులోనే దువ్వుకుంటున్నాడు. ఆవేళ కూడా అంతే చేశాడు.

"ఏమండీ, గడువు రేపటితో అయిపోతుందన్నారు. చివరి పరీక్ష ఏదో మిగిలిందని కూడా అన్నారు" అంది ఆవిడ, కాఫీ అందిస్తూ.

"ముందు కెమెరా. సొంత ఫోటో. ఇప్పుడే తీశా." ఫోటో చూసుకుంటూ వరండాలోకి నడిచాడు. తల్లి అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. "అమ్మా, ఇది చూడు. ఎంత శుభ్రంగా వచ్చిందో. ఒక్క మచ్చ లేదు."

తల్లి ఫోను చేతిలోకి తీసుకుంది. ఫోటో చూసింది. ఎదురుగా వంగి నిలబడిన కొడుకు మొహం చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"ఏరా, మొహం మీద అవేమిటి?"

"ఏవి?"

"చెంప మీద. ముక్కు పక్కన. ఇక్కడ."

"నీకు కళ్ళద్దాలు మార్చాలమ్మా. ఫోటోలో చూడు, ఏమన్నా ఉందా?"

"ఫోటోలో లేవు. అదే అడుగుతున్నా." ఆవిడ భుజం మీది తువ్వాలు కొస నాలుకతో తడి చేసి కొడుకు చెంప రుద్దింది. కొంచెం గోధుమరంగు తువ్వాలుకు అంటింది. చుక్క మాత్రం పోలేదు. ఇంకొకసారి రుద్దింది. రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది.

చూపు ఫోటో మీదికి వెళ్ళింది. అక్కడ నున్నటి చెంప. ఎదురుగా చుక్కల చెంప. ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆవిడ ఆ చేత్తోనే మెల్లగా తన ఎడమ చెవి కింద తడుముకుంది.

ఇంతలో మార్కులాయన పరుగున లోపలికి వెళ్ళి అద్దంలో చూసుకుని వచ్చాడు. చెంపలు ఎర్రబడ్డాయి, చుక్కలు కాక మిగిలిన చోటల్లా.

"ఎవరు చేశారిది?"

"మీ పెన్నే" అంది భార్య.

"నీకు మతిపోయిందా? నిద్రపోయే మనిషి మొహం మీద రాతలా? ఈ మొహంతో నేను బయటికి వెళ్ళి ఉంటే?"

"ఫోనులో చూసుకునే వెళ్ళేవారుగా. పదికి పది కెమెరా. దానికి కనపడలేదు మరి."

"పెన్ను గీత వేరు, మచ్చ వేరు! నాలుగు చుక్కలు పెట్టి..."

"మూడు."

"ఎన్నయితేనేం! ఇదా నీ ఆధారం? మొగుణ్ణి వెధవని చేసి చూపిస్తే అది ఆధారమా? నేను ఈ ఫోనును వారం పాటు..."

"నువ్వు నోరు ముయ్యి" అంది తల్లి. ఆయన ఆగిపోయాడు. తల్లి నోట తన మీదికి ఆ మాట రావడం ఆయనకు కొత్త. కోడలి పెదవి కొస కొంచెం కదిలేలోపల అత్తగారు ఇటు తిరిగింది. "నువ్వు కూడా ముయ్యి. సంబరపడకు." ఆ తర్వాత జుట్టు ఒక పక్కకు తీసుకుని మెడ వంచింది. "ఒరేయ్, ఇటు రా. నిలబడి కాదు. కూర్చుని చూడు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన ఇంటి నేల మీద ఆయన అలా కూర్చోవడం బహుశా అదే మొదలు. మెడ దగ్గరికి వంగాడు. పాకిన అంచు మీద సన్నటి పక్కు కట్టి ఉంది.

"ఉందా?" అంది తల్లి.

"ఉంది."

"పెద్దదా?"

ఆయన భార్య వైపు చూశాడు. కోడలే చెప్పింది. "రేపు పొద్దున్నే వెళ్దాం అత్తయ్యా."

"నువ్వు రా. వీడొద్దు" అంది అత్తగారు. మళ్ళీ తనే, "సరే, రానీ. ఆ దిక్కుమాలిన ఫోను కూడా పట్టుకురమ్మను" అంది.

చర్మాల డాక్టరమ్మ గది ఇరుకు. ఒక బల్ల, ఒక ఎత్తైన మంచం, గోడకు తగిలించిన దీపం. డాక్టరమ్మ అత్తగారి మెడ మీద చిన్న దీపపు భూతద్దం ఆనించి చాలాసేపు చూసింది. ఎప్పటి నుంచి పెరుగుతోందని అడిగింది. కోడలు చెప్పింది. రక్తం వచ్చిందా అని అడిగింది. అత్తగారు కిటికీ వైపు చూస్తూ, "వచ్చింది. దోమ కాదు" అంది.

మార్కులాయన ఊరుకోలేక ఫోను తీసి చూపించాడు. "పోయిన వారం తీసిందండీ. అప్పటికి ఇలా..."

డాక్టరమ్మ చూసి, ఫోను తిరిగి ఇచ్చేసింది. "ఇది ఎవరి మెడ?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. మొహం మీద మూడు చుక్కలూ ఎంత రుద్దినా పూర్తిగా వదల్లేదు. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు వాటి వైపు చూసింది గానీ అడగలేదు.

మచ్చను ఆ వారంలోనే కోసి తీసేసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో మాటలు ఇంకా తగ్గాయి. అత్తగారు మెడకు కట్టుతో మంచం మీద కూర్చుని, కోడలు ఏం తెచ్చి పెట్టినా "వేడిగా లేదు", "ఉప్పు తక్కువ" అంటూనే తినేసేది. ఒకనాడు మాత్రం కంచం అందుకుంటూ, గోడతో అన్నట్టు, "ఆ మిషను నా కిటికీ పక్కన వేసుకుంటే వేసుకో. చప్పుడు చెయ్యకూడదు, అంతే" అంది. కుట్టుమిషను చప్పుడు చెయ్యకుండా ఎలా కుడుతుందని కోడలు అడగలేదు.

ఫలితం వచ్చిన రోజు ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ కాగితం చూసి ముందు అంచులు శుభ్రంగా ఉన్నాయని చెప్పింది. తర్వాత మిగతాది చెప్పింది. మచ్చ చెడ్డదిగా మారడం మొదలైంది. లోపలికి ఇంకా దిగలేదు. చుట్టూ మంచి చర్మంతో సహా తీసేశారు కాబట్టి ఇక అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలు. "ఇంకొన్నాళ్ళు చూద్దాంలే అనుకుని ఉంటే మాత్రం నేను ఇంత తేలిగ్గా మాట్లాడేదాన్ని కాదు. ఎవరు చూశారు దీన్ని మొదట?"

మార్కులాయన నేల వైపు చూశాడు. ఆసుపత్రి టైల్స్. వాటిలో కూడా ఎక్కడో మచ్చ దొరికే ఉంటుంది.

ఇంటికి రాగానే తల్లి తన గదిలోకి వెళ్ళి పడుకుంది. తలుపు ఓరగా ఉంది. ఆయన వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూనే ఉంది.

"ఆ ఫోను గడువు దాటిపోయింది. ఇక తిరిగి తీసుకోరు" అన్నాడు.

"అలాగా."

"దానికి సున్న. అసలు కెమెరానే కాదది. మోసం."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "దానికెందుకు సున్న? చెప్పిన పని చేసింది. మచ్చ దాచినప్పుడల్లా మార్కులు వేసింది మీరేగా. తిడితే అది తిరిగి మాట్లాడదు, అందుకని దానిమీద పడ్డారు."

ఆయన ఫోను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని ముట్టుకోవద్దన్న మనిషే ఆవిడ వైపు జరిపాడు.

"అందులో వేలితో లాగే గీత ఒకటి ఉంది" అన్నాడు. "మొహం నునుపు చెయ్యడానికి. వచ్చినప్పుడు మొదట్లోనే ఉంది అది. కొంచెమే. మొదటి రోజు బాల్కనీలో చూసుకుంటే కళ్ళ కింద సంచులు కనపడ్డాయి. లాగాను. పోయాయి. ఇంకా లాగాను. చివరి దాకా నేనే లాగాను."

ఆవిడకు ఆ సాయంత్రం, ఆ వేలు, ఆ చిన్న నవ్వు అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి. "తెలిసే మీ అమ్మగారి మెడకు పదికి పది వేశారా?"

"అది నా ఒక్కడి మొహానికే అనుకున్నా. నువ్వు నీ గాటు లేదని చూపించినప్పుడు... అప్పుడు అనుమానం వచ్చింది. వచ్చినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఒప్పుకుంటే నా పది పోతుంది. పైగా నువ్వు చెప్పింది నిజమైపోతుంది." బల్ల మీది ఫోనును ఇంకాస్త ముందుకు తోశాడు. "తప్పు ఫోనుది కాదు. నాది. నేను తప్పు చేశాను."

ఓరగా ఉన్న తలుపు వెనక నుంచి మంచం కిర్రుమంది.

"ఒరేయ్" అంది తల్లి గొంతు. "అంత మెల్లగా చెబితే దానికొక్కదానికే వినపడుతుంది. మెడ నాది. నాక్కూడా వినపడాలి."

ఆయన గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ సాయం రాలేదు. మళ్ళీ కత్తి అందుకుంది.

"నాదే తప్పమ్మా" అన్నాడు ఆయన, ఈసారి వీధిలోకి వినపడేంత గట్టిగా. "నీ కోడలు చెప్పిందే నిజం. నేనే తప్పు చేశాను."